ముందు ముప్పై తొమ్మిది, వెనక నలభై మూడు

ఉల్లిపాయల బుట్టలో చెయ్యి పెడితే దేవుడమ్మ చేతికి బేరింగు తగిలింది. దాన్నిండా గ్రీసు. అడుగునున్న పాయలన్నీ నల్లగా జిడ్డోడుతున్నాయి. పొయ్యి మీద నూనె కాగి పొగలు చిమ్ముతోంది. బేరింగు చేత్తో పట్టుకునే గుమ్మంలోకొచ్చింది.

"ఇదేటిది మావా?"

వాకిట్లో జీపు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రమే బయటికున్నాయి. వాటి వైపు నుంచే జవాబొచ్చింది.

"జాగర్తగా పెట్టేనే. బయటెడితే కాకులెత్తుకుపోతాయి."

"కాకి బేరింగెత్తుకుపోతాదా?"

"మెరిసిందేదైనా ఎత్తుకుపోతాది. కిరసనాయిలు కొంచెం ఇలగియ్యి."

కాకికి బేరింగెందుకని అడిగితే దానికీ జవాబు ఉంటుంది సన్యాసిరావు దగ్గర. అందుకని అడగలేదు. కిరసనాయిలూ ఇవ్వలేదు.

అది ఎనభై ఆరో సంవత్సరం, ఆషాఢం. ఊరు కిరండూల్. కొండ మీద తవ్విన ఇనపరాయి కిందకి దిగి, వ్యాగన్లెక్కి, విశాఖపట్నం పోయి ఓడెక్కుతుంది. ఖాళీ వ్యాగన్లు తిరిగొస్తాయి. ఆ వ్యాగన్ల చక్రాలూ బ్రేకులూ చూసే ఫిట్టరు సన్యాసిరావు. పాలకొండ వైపు నుంచొచ్చి పద్ధెనిమిదేళ్ళుగా రైల్వే క్వార్టర్సులోనే ఉంటున్నాడు. ఎర్రదుమ్ము ఆ ఇంటి గోడలకీ, బట్టలకీ, అన్నానికీ పట్టేసింది.

దేవుడమ్మకి సొంత వ్యాపారం ఉంది. నెలకి రెండుసార్లు పాసింజరెక్కి విశాఖపట్నం పోయి, నెత్తళ్ళూ ఎండురొయ్యలూ గోనెల్లో వేసుకొస్తుంది. పాల్నార్, కువాకొండ, నకుల్నార్ సంతల్లో అమ్ముతుంది. హిందీ కొంత, హల్బీ కొంత, మిగతాది చేతివేళ్ళతో. సరుకు బస్సు టాపు మీదే పోవాలి. ఒక్క వాన పడితే ఎండుచేప పచ్చిచేపై, రెండో రోజుకి పురుగై కూర్చుంటుంది. అందుకని గనుల వాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తున్నారని తెలియగానే సన్యాసిరావు పోయి ఒక జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే జీపు. అప్పట్లో ఆఫీసర్లని కొండెక్కించిందట.

"నీ సంతల కోసమే కొన్నాను," అన్నాడు ఆ రోజు, కొత్త కోడలికి నగ పెట్టినవాడిలా. దేవుడమ్మ మురిసిపోయింది కూడా. ఆ మురిపెం మూడు నెలల కిందటి మాట.

వెనక చక్రాలతో బాగానే నడుస్తోంది గానీ, ముందు ఇరుసు మధ్యనున్న గుండ్రటి పెట్టెలో గేర్లు అరిగి, కొన్ని విరిగి ఉన్నాయి. మెకానిక్‌కి ఇద్దామంది దేవుడమ్మ. సన్యాసిరావు నవ్వాడు.

"అరవై టన్నుల వ్యాగను కింద దూరి పన్జేసేవోడిని. ఈ బొమ్మ జీపుకి మెకానిక్కా?"

సెలవు పెట్టాడు. ఇరుసు విప్పాడు. గీదంలో చక్రధరరావు గారి పాత ఇనపసామాన్ల కొట్టుకి పోయి, మరో జీపు ఇరుసులోని గేర్లు తెచ్చి బిగించాడు. బిగించేటప్పుడు ఆయన వాడని ఇంటి వస్తువు లేదు. పచ్చడి జాడీలో పాత గేరు నూనె పోశాడు. అన్నం వార్చే చిల్లుల పళ్ళెంలో నట్లు కడిగాడు. ఆవిడ మంచి నూలుచీర కొంగు చింపి, "పాతదనుకున్నానే," అన్నాడు. నెత్తళ్ళ గోనె మీద పెట్టిన షాఫ్టు నుంచి గ్రీసు కారితే, ఆ వారం కువాకొండ సంతలో ఎవరూ ఆవిడ దగ్గర ఆగలేదు. ఒక ముసలావిడ నెత్తడిని వాసన చూసి, దాన్ని జాగర్తగా మళ్ళీ కుప్ప మీదే పెట్టి వెళ్ళిపోయింది.

సరే, బిగింపు అయిపోయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. జీపు ఊరంతా తిరిగింది. సన్యాసిరావు స్టేషను వెనక తారురోడ్డు మీదకి పోనిచ్చి, ఫోర్‌వీల్ గేరు కడ్డీ లాగాడు. అంతవరకూ బుద్ధిగా నడిచిన బండి ఒక్కసారి మూలగడం మొదలెట్టింది. టైర్లు కీచుమన్నాయి. మెడ బిగబట్టిన ఎద్దులాగా ఆగి, లాగి, మళ్ళీ ఆగింది. కడ్డీ వెనక్కి రాదు. పది గజాలు రివర్సు పోనిస్తే గానీ ఊడలేదు.

"కొత్త గేర్లు కదా. అరగాల," అన్నాడు.

పక్క క్వార్టరులో గార్డు యేసుపాదం ఉంటాడు. మంచివాడు, కానీ సలహా చెప్పకుండా ఉండలేడు. "క్లచ్చు చూడు సన్యాసీ," అన్నాడు. సన్యాసిరావు క్లచ్చు విప్పాడు. మార్పు లేదు. "టైర్లలో గాలి సమానంగా లేదేమో," అన్నాడు. గాలి కొట్టించాడు. మార్పు లేదు. నూనె పలచనైందేమో అన్నాడు, దానితో మరో జాడీ పోయింది. ప్రతిసారీ బండి మూలిగేది, ప్రతిసారీ సన్యాసిరావు దానికి కొత్త కారణం చెప్పేవాడు. చివరికి ఒకనాడు, "నీ గోనెల బరువొకటి," అన్నాడు.

దేవుడమ్మ ఆ పూట అన్నం పళ్ళెం ఆయన ముందు గట్టిగా పెట్టింది. పళ్ళెం మోగింది.

"గేరుకో కారణం, నూనెకో కారణం. అన్నీ అయిపోయి ఇప్పుడు నాను దొరికేనా?"

పాల్నార్ సంత రోజున పొద్దున్నే మబ్బు పట్టింది. అయినా బయల్దేరారు. అమ్మకం బాగానే అయింది. తిరుగుదారిలో మంగి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఎక్కారు. మంగిది కిరండూల్ పక్కనున్న గోండు పల్లె. చింతపండు అమ్మి ఉప్పూ నెత్తళ్ళూ కొనుక్కుపోతుంది. ఏళ్ళ తరబడి సంతల్లో దేవుడమ్మ పక్కనే కూర్చుని, తెలుగు ముక్కలు కూడా పట్టేసింది.

సగం దారిలో వాన దబదబా దిగింది. వాగు దగ్గరికొచ్చేసరికి దాటే చోటంతా ఎర్రబురద. వెనక చక్రాలు కూరుకుని గిర్రున తిరిగాయి. అందరి మొహాల మీదా బురద చిమ్మింది. సన్యాసిరావు ఫోర్‌వీల్ కడ్డీ లాగాడు. ముందు చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాయి. జీపు ఒళ్ళు విరుచుకుని, బురదలోంచి గట్టెక్కేసింది.

"సూసేవా! సూసేవా నా జీపు!" సన్యాసిరావు స్టీరింగు మీద చరిచాడు. దేవుడమ్మకి కూడా, నిజం చెప్పాలంటే, గుండె పొంగింది. ఈ మనిషి మాట నిజమేనేమో, గేర్లు అరగాలేమో అనుకుంది.

గట్టెక్కాక రాళ్ళు తేలిన గట్టి దారి. అక్కడ మూలుగు మొదలైంది. సన్యాసిరావు కడ్డీ తొయ్యబోయాడు. రాలేదు. రివర్సు పోనిచ్చాడు. అయినా రాలేదు. "ఇంటికెళ్ళి సూద్దాం," అని ముందుకే తోలాడు. మూలుగు కాస్తా ఏడుపైంది, ఇనుము కాలిన వాసనొచ్చింది. దేవుడమ్మ "ఆపు మావా, ఆపు," అంటూనే ఉంది. మరో పావుమైలు పోయాక కిందనుంచి తుపాకీ పేలినట్టు చప్పుడు. ఆ వెంటనే కాళ్ళ కింద రేకు మీద ఎవరో గునపంతో పొడుస్తున్నట్టు దడదడదడ.

ఆపి, కిందకి తొంగిచూస్తే, ముందు ఇరుసుకి పోయే షాఫ్టు ఒక కొస ఊడి వేలాడుతోంది. అక్కడ అతికే క్రాసు రెండు ముక్కలైంది.

మంగి దిగింది. మిగతా ముగ్గురూ దిగారు. తట్టలు నెత్తినెత్తుకున్నారు. దేవుడమ్మ ఒక్క క్షణం మొగుడి వైపు చూసి, తనూ దిగి ఖాళీ తట్ట ఎత్తుకుంది.

సన్యాసిరావు పానాలు తీసి, వానలోనే కింద దూరి, ఆ షాఫ్టు పూర్తిగా విప్పేసి వెనక పడేశాడు. వెనక చక్రాలతో బండి మామూలుగా నడిచింది. మైలు దూరంలో వాళ్ళని అందుకున్నాడు.

"ఎక్కండి. బాగయిపోనాది."

ఎవరూ ఎక్కలేదు. ఆయన వాళ్ళ నడకకి సమానంగా, మొదటి గేరులో, పక్కనే తోలుతూ వచ్చాడు.

"దేవుడమ్మా! తడిసిపోతన్నావే. ఎక్కు."

"మా కాళ్ళు రెండూ ఒకే వైపెళ్తన్నాయి. మాకదే సాలు."

తక్కిన ఆడవాళ్ళకి మాట అర్థం కాకపోయినా ఆ గొంతు అర్థమైంది. పకపకా నవ్వారు. అలా ఐదు మైళ్ళు వాళ్ళు నడిచారు, పక్కన ఆయన తోలాడు. సంత నుంచి తిరిగొస్తున్నవాళ్ళు ఆగి మరీ చూశారు.

దారిలో మంగి అంది, తనకొచ్చిన తెలుగులో: "దేవడమ్మా, ఇద్దరు దుంగ మోస్తారు గదా. ముందువాడి అడుగు పెద్దది, వెనకవాడిది చిన్నది. అప్పుడేమైతది? దుంగ ఏడుస్తది. నీ బండి గంతే."

దేవుడమ్మ అప్పటికి "ఊఁ" అని ఊరుకుంది. కానీ మర్నాడు పొద్దున్న సన్యాసిరావు డ్యూటీకి పోయాక, వాకిట్లో ఆ జీపుని చూస్తుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. షాఫ్టు ఊడగొట్టాక మూలుగు లేదు. అంటే ముందు ఇరుసు ఒక్కదాని తప్పు కాదు, వెనకదీ కాదు. రెండూ కలిస్తేనే తగువు. మరి వాటి అడుగు ఒకటేనా కాదా అని మూడు నెలల్లో ఎవడైనా కొలిచాడా?

మంగి ఆ రోజు విరిగిన తట్ట బాగుచేయించుకోడానికి ఊళ్ళోకొచ్చి, ఈ గుమ్మంలో ఆగింది. దేవుడమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని జీపు దగ్గరికి లాక్కుపోయింది. చక్రాలకి అడ్డంగా రాళ్ళు పెట్టారు. గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండుబ్రేకు వదిలారు. జాకీ వేసి వెనక చక్రం ఒకటి పైకి లేపారు. దేవుడమ్మ చక్రం మీదా, కింద షాఫ్టు మీదా సున్నంతో ఒక్కో గీత గీసింది. తను కింద పడుకుంది.

"తిప్పు మంగీ. మెల్లగా. పది చుట్లు."

షాఫ్టు మీది గీత కళ్ళ ముందుకొచ్చిన ప్రతిసారీ ఒక చింతగింజ పక్కన పెట్టింది. పది చుట్లయ్యేసరికి ఇరవై ఏడు గింజలు.

ముందు చక్రం లేపారు. షాఫ్టు లేదు కాబట్టి, అది తగిలించే బిళ్ళ మీద గీత గీసింది. పది చుట్లు. ఇరవై నాలుగు గింజలు, ఇంకో అరచుట్టు.

దేవుడమ్మకి నమ్మకం కలగలేదు. నెత్తళ్ళు లెక్కపెట్టే చెయ్యి తప్పదు, కానీ ఇది ఇనుము. మళ్ళీ తిప్పించింది. ఇరవై ఏడు. ఇరవై నాలుగున్నర. మూడోసారి మంగి చేతులు నొప్పంది, అయినా తిప్పింది. అంతే. కింద పడుకున్న దేవుడమ్మ ఆ గింజల కుప్పలు రెండూ చూసింది. చక్రాలు ఒకే పది చుట్లు తిరిగినా షాఫ్టుల అడుగు ఒకటి కాదు; బురదలో చక్రం జారి సర్దుకుంది, గట్టిదారి మీద సర్దుకోలేక ఏడిచింది. ఇంత చిన్న సంగతికా క్లచ్చు విప్పింది? ఇంత చిన్న సంగతికా రెండు జాడీలు పోయింది? ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వీపు కింద రాయి గుచ్చుకుంటుంటే లేచింది.

మధ్యాహ్నం సన్యాసిరావొచ్చి, జాకీ మీదున్న జీపుని చూసి కేకలేశాడు. "నా బండి కింద దూరేవా? మీద పడితే?"

"గింజలు లెక్కెట్టు," అంది దేవుడమ్మ.

లెక్కపెట్టాడు. ఒప్పుకోలేదు. ఆవిడని పక్కకి జరిపి, ఆవిడ చేతే చక్రం తిప్పించి తనే కింద పడుకుని చూశాడు. బయటికొచ్చాక చాలాసేపు చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ తరవాత పానాలు తీసి రెండు ఇరుసుల మూతలూ విప్పి, పెద్ద గేరు పళ్ళు లెక్కపెట్టాడు. ముందుదానికి ముప్పై తొమ్మిది. వెనకదానికి నలభై మూడు.

"ఆ సక్రధరరావు మోసం సేసినాడే!" అని పళ్ళు కొరికాడు. "వేరే జీపుది అంటగట్టీసినాడు నాకు!"

దేవుడమ్మకి ఇంతసేపటికి కోపం పెట్టుకోడానికి ఒక మంచి మనిషి దొరికాడు. ఆదివారం ఇద్దరూ వెనక చక్రాల మీదే గీదం పోయారు. కొంగు నడుముకి బిగించి కొట్టులోకి అడుగుపెట్టింది. చక్రధరరావు పెద్దమనిషి, కళ్ళజోడు ముక్కు మీదకి జారి ఉంది, పాత బ్యాటరీల మధ్య కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఏటి బాబూ, ముప్పై తొమ్మిది పళ్ళది ఇచ్చీసి నలభై మూడు పళ్ళ బండిని పాడుసేస్తావా?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆవిడని కాదు, వెనక నిలబడ్డ సన్యాసిరావుని చూశాడు.

"సన్యాసిరావు గారూ, నేనా రోజు అడిగానా లేదా? వెనక ఇరుసుకి ఎన్ని పళ్ళున్నాయి, చూసి రండి, సరిపోయేది ఇస్తానని చెప్పానా లేదా? మీరేమన్నారు? 'జీపంటే జీపే, అన్నీ ఒకటే, నాకు చెప్పకు' అన్నారు. ఇద్దరు డ్రైవర్లు కూడా విన్నారండీ."

కొట్టులో ఎక్కడో రేకు మీద నీటిచుక్కలు పడుతున్నాయి. సన్యాసిరావు ఒక పాత స్టీరింగుని శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

తగువులాడదామని దారంతా కూడబెట్టుకున్న మాటలు దేవుడమ్మ నోట్లోనే ఉండిపోయాయి. వాటిని అక్కడే మొగుడి మీద కుమ్మరించొచ్చు. కానీ పరాయి కొట్టు. కొంగు విప్పేసి, "నలభై మూడుది ఉందా బాబూ?" అని మాత్రం అడిగింది.

"వెనక కుప్పలో ఉండొచ్చమ్మా. చూసుకోండి."

చూసుకుంది. తుప్పు గోకి, మొదటి పన్ను మీద సున్నం పెట్టి, వేలితో ఒక్కొక్కటే తడుముతూ. ముప్పై తొమ్మిది. మళ్ళీ ముప్పై తొమ్మిది. ఒకదానికి పళ్ళు సగం లేవు. చక్రధరరావు రెండుసార్లొచ్చి, "అమ్మా, ఇది నలభై మూడేనమ్మా, నా మాట నమ్మండి," అన్నాడు. నమ్మలేదు. లెక్కపెడితే ముప్పై తొమ్మిది. ఆయన తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఏడోది నలభై మూడు. దాని పళ్ళలో పడే చిన్న గేరుకి ఎనిమిది పళ్ళు, వెనకదానికి ఎన్నో అన్నే. రెండోసారి కూడా లెక్కపెట్టి, అప్పుడు లేచింది. విప్పి తెచ్చిన గేర్లు ఇచ్చేసి, ఒక కొత్త క్రాసు కూడా తీసుకుని బయల్దేరారు.

దారిలో, బచేలీ దగ్గరికొచ్చాక, సన్యాసిరావే ముందు నోరు విప్పాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఆ రోజు కొట్లో మరిద్దరు డ్రైవర్లున్నారే. ఎన్ని పళ్ళు అని అడిగినాడు. పద్ధెనిమిదేళ్ళ ఫిట్టర్ని. వ్యాగన్లకి చక్రాలన్నీ ఒకటే కొలత, గేరన్నదే లేదు. ఈ పళ్ళ గొడవ నాకేటి తెలుసు? తెల్దని అందరి ముందూ ఎలగ సెప్పేది?"

"తెల్దంటే ఏటైపోద్ది?"

"నవ్వుతారు."

"అయిదు మైళ్ళు ఆడోళ్ళ పక్కన ఒకటో గేర్లో తోల్తే నవ్వలేదా ఎవులూ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడకి జాలేసింది. జాలి పడినందుకు తన మీద తనకే విసుగొచ్చింది. ఈ మనిషి సిగ్గుపడాల్సిన చోట పడడు, అక్కర్లేని చోట పడతాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ రెండు చోట్లూ ఎక్కడెక్కడున్నాయో ఆవిడకి ఇంకా అంతుపట్టలేదు.

బిగింపుకి మరో రెండు ఆదివారాలు పట్టింది. ఈసారి నూనెకి పాత డాల్డా డబ్బా, నట్లకి విరిగిన మూకుడు, తుడవడానికి గోనెగుడ్డ ఆవిడే ఇచ్చి, మిగతా సామానంతా లోపల పెట్టి తలుపుకి గడియ వేసింది. మూత బిగించే ముందు చక్రాలు లేపి తిప్పి చూడాల్సిందేనని పట్టుబట్టింది. ఆయన విసుక్కుంటూనే తిప్పాడు. వెనక ఇరవై ఏడు. ముందు ఇరవై ఏడు.

తరవాతి పాల్నార్ సంతకి వాన ఆగకుండా కురుస్తూనే ఉంది. మంగి జీపు చుట్టూ ఒకసారి తిరిగి, కిందకి వంగి చూసి మరీ ఎక్కింది. వాగు దగ్గర కడ్డీ లాగారు. జీపు చప్పుడు చెయ్యకుండా గట్టెక్కింది. గట్టిదారి మీద సన్యాసిరావు కడ్డీ మీద రెండు వేళ్ళు వేస్తే చాలు, వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. గోనె పట్టా కింద నెత్తళ్ళు పొడిగా ఉన్నాయి. దేవుడమ్మ చెయ్యి పెట్టి చూసుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో చేపల పులుసు దించుతుంటే, వాకిట్లో యేసుపాదం గొంతు వినిపించింది. "ఎలా పట్టుకున్నావు సన్యాసీ, ఇంతకీ తప్పెక్కడుందో?"

గరిటె ఆగింది. చెవి అటు పెట్టింది.

సన్యాసిరావు గొంతు సవరించుకున్నాడు. "ఏటుంది అన్నా. ముందు సక్రం, వెనక సక్రం లేపి తిప్పి, మేం లెక్కెట్టినాం."

"మేమట!" అంది దేవుడమ్మ పులుసు గిన్నెతో, వాకిట్లోకి వినబడేలా.